రెరా నంబరున్న ఫ్లాటే ఆగిపోయింది: డబ్బు వెనక్కి రాబట్టుకున్న తీరు

హైదరాబాద్‌లో ఫ్లాటు కొని ఇరుక్కుపోయిన వాళ్ల గోడు వింటే, చాలావరకు ప్రీలాంచ్ దగ్గరే మొదలవుతుంది. పర్మిషన్ రాకముందే సగం ధరకిస్తామనడం, యూడీఎస్ (స్థలంలో విడదీయని వాటా) పేరుతో ఇన్ని గజాలని స్థలం రిజిస్టర్ చేయడం, కొన్నాళ్లకు ఆఫీసుకి తాళం పడటం. మాది ఆ బాపతు కాదు. హెచ్ఎండీఏ పర్మిషన్ ఉంది. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉంది. బ్యాంకు ప్రాజెక్టును అప్రూవ్ చేసింది. సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ అయింది. అయినా బిల్డింగు సగంలో నిలబడిపోయింది. కాగితాలన్నీ సక్రమంగా ఉన్న చోట పని ఆగిపోతే కొన్నవాళ్ల పరిస్థితి ఏమిటన్నది మాకు ఐదేళ్ల పాటు దగ్గరుండి చూడాల్సి వచ్చింది.

కొన్నది 2019 చివర్లో, పటాన్‌చెరు వైపు, ఔటర్ రింగ్ రోడ్డు దాటాక. రెండు బ్లాకులు, కలిపి 140 ఫ్లాట్లు. మేం ఉండటానికి కాదు, అద్దెకిచ్చి తర్వాత మంచి ధర వస్తే అమ్ముకుందామని. మా ఫ్లాటు 58 లక్షలు, జీఎస్టీ 5 శాతం అదనం. 43 లక్షలకు లోన్ సాంక్షన్ అయింది, మిగతా 15 లక్షలు మా పొదుపు. ధర 50 లక్షలు దాటింది కాబట్టి కట్టే ప్రతి వాయిదాలో ఒక శాతం టీడీఎస్ (బిల్డర్ తరఫున ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టి ఫారం 26క్యూబీలో మేమే జమ చేయాలి. ఈ ఒక్క శాతం చివర్లో పెద్ద పేచీ పెట్టింది, అక్కడికొచ్చినప్పుడు చెప్తాను.

రెరా చట్టం 13వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మా బిల్డర్ అది పాటించాడు. కొన్నవాళ్లు కట్టే సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి, ఇంజనీరు, ఆర్కిటెక్టు, సీఏ ముగ్గురూ సర్టిఫికెట్లు ఇస్తేనే పని ఎంత జరిగిందో అంత మేరకు అందులోంచి తీయాలి. దీని మీద నమ్మకంతోనే చాలామంది ధీమాగా ఉంటారు. కానీ ఆ ఖాతాలోంచి భూమి ఖర్చు కింద కూడా తీసుకోవచ్చు. పైగా మిగతా 30 శాతం మీద ఈ కట్టడి లేదు. ఇంకో సంగతి, పేమెంట్ షెడ్యూల్. స్లాబులు పడేసరికే మా దగ్గర ముప్పావు వంతు సొమ్ము వసూలయ్యేలా రాశారు. గోడలు, ప్లాస్టరింగ్, టైల్స్, కరెంటు, లిఫ్టులు అన్నీ ఆ తర్వాతే. అంటే అసలు ఖర్చు ముందుండగానే కొన్నవాళ్ల జేబు ఖాళీ అయిపోతుంది. బ్రోషర్‌లో స్విమ్మింగ్ పూల్ ఎక్కడుందో చూసేవాళ్లు షెడ్యూల్‌లో ఏ స్లాబుకి ఎంత శాతమో చూడరు. నన్నడిగితే కొనే ముందు చదవాల్సిన పేజీ అదొక్కటే.

కరోనా వచ్చాక 2020 మేలో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ, గడువు 2020 మార్చి 25న గానీ ఆ తర్వాత గానీ ముగిసే ప్రాజెక్టులకు ఆరు నెలలు పొడిగించమని రెరాలకు సూచించింది. మాకు 2022 డిసెంబర్‌లో ఇవ్వాల్సింది అలా 2023 జూన్‌కి వెళ్లింది. అది న్యాయమే, ఎవరూ గొడవ చేయలేదు. 2021 అంతా పని బాగానే సాగింది కూడా. 2022 ఎండాకాలం నుంచి నెమ్మదించింది.

నెమ్మదించిందని చెప్పేది బిల్డర్ కాదు, సైటే. ముందు లేబర్ షెడ్లు సగం ఖాళీ అయ్యాయి. రెండో బ్లాకు దగ్గర సెంట్రింగ్ షీట్లు లారీలో ఎక్కించి ఇంకో సైటుకి తీసుకెళ్లారు. ఆరో స్లాబు మీద నుంచి పైకి లేచిన కాలమ్ చువ్వలు మొదట్లో నల్లగా ఉండేవి, వానాకాలం గడిచేసరికి ఇటుక రంగుకి వచ్చాయి, వేలితో గీస్తే పొడి రాలేది. వాచ్‌మన్‌ని అడిగితే, "పైసలు రాలేదంట సార్, మేస్త్రీలు పండక్కి పోయిండ్రు, మల్ల రాలే" అన్నాడు. రెరా వెబ్‌సైట్‌లో బిల్డర్ మూడు నెలలకోసారి పెట్టాల్సిన ప్రోగ్రెస్ చూశాను. రెండు క్వార్టర్లలోనూ అవే శాతాలు, అదే ఫోటో. ఫోటోలో నిచ్చెనకు ఆరేసిన ఎర్ర తువ్వాలు కూడా అలాగే ఉంది.

సరిగ్గా అప్పుడే ఏడో స్లాబుకి డిమాండ్ లెటర్ వచ్చింది. కన్‌స్ట్రక్షన్ లింక్డ్ లోన్‌లో ఈ లెటర్ పట్టుకుని బిల్డర్ బ్యాంకుకు వెళ్తాడు, బ్యాంకు నేరుగా అతని ఖాతాలో వేస్తుంది, వడ్డీ మాత్రం మన ఖాతాలోంచి పోతుంది. నేను తేదీ కనబడేలా సైటు ఫోటోలు తీసి బ్రాంచ్ మేనేజర్‌కి మెయిల్ పెట్టాను: ఏడో స్లాబు పడలేదు, నా రాతపూర్వక అనుమతి లేకుండా తర్వాతి వాయిదా విడుదల చేయొద్దు. బ్యాంకు తన ఇంజనీర్‌ని పంపింది, ఆపేసింది. అప్పటికి 28 లక్షలు వెళ్లిపోయాయి, 15 లక్షలు మిగిలాయి. వారం తిరక్కుండా బిల్డర్ ఆఫీసు నుంచి ఫోన్. "సార్, మీలాంటి వాళ్లు ఆపడం వల్లే స్లాబు ఆగింది" అంది ఆ అమ్మాయి. స్లాబు పడితే కదమ్మా డబ్బులు అంటే, డబ్బులొస్తే కదా సార్ స్లాబు అంది. ఆ అమ్మాయిని అని లాభం లేదు. ఎవరో రాసిచ్చింది చదువుతోంది.

తర్వాత నోటీసు వచ్చింది, వాయిదా ఆలస్యానికి 18 శాతం వడ్డీ కట్టమని. అగ్రిమెంట్‌లో అలాగే ఉంది. బిల్డర్ ఆలస్యం చేస్తే మాత్రం చదరపు అడుగుకు నెలకు ఏవో కొన్ని రూపాయలు. కానీ రెరా చట్టం రెండో సెక్షన్‌లోనే వడ్డీకి ఇచ్చిన నిర్వచనంలో ఉంది: కొన్నవాడు ఆలస్యం చేసినా బిల్డర్ ఆలస్యం చేసినా ఒకటే రేటు. తెలంగాణలో ఆ రేటు ఎస్‌బీఐ అత్యధిక ఎంసీఎల్ఆర్‌కి (బ్యాంకు అప్పులిచ్చే కనీస రేటుకి) రెండు శాతం కలిపి. ఆ రెండు ముక్కలు రాసి జవాబిచ్చాను. మళ్లీ 18 శాతం మాట ఎత్తలేదు.

ఈలోగా లోన్ వైపు నుంచి ఇంకో దెబ్బ. 2019 అక్టోబర్ నుంచి కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లు బయటి బెంచ్‌మార్కుకు, అంటే ఎక్కువగా రెపో రేటుకు (ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే రేటుకు) ముడిపడ్డాయి. రెపో 4 శాతం ఉన్నప్పుడు మా రేటు 6.85. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 6.5కి ఎక్కింది, మా రేటు 9.35 అయింది. 28 లక్షల మీద నెలకు వడ్డీ 16,000 ఉండాల్సింది 21,800 అయింది. ఇదంతా ప్రీ-ఈఎంఐ, అంటే లోన్ పూర్తిగా విడుదలయ్యేదాకా కట్టే వడ్డీ, అసలులో రూపాయి తగ్గదు. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో మినహాయింపూ రాదు, ఇల్లు పూర్తయిన సంవత్సరం నుంచే అది మొదలవుతుంది. సొంతానికి ఉండే ఇల్లయితే, లోన్ తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్ల లోపు పూర్తి కాకపోతే పాత పన్ను విధానంలో వడ్డీ మినహాయింపుకి ఉన్న రెండు లక్షల పరిమితి కాస్తా 30 వేలకు పడిపోతుంది. అద్దె వస్తే ఆ అద్దెతో ఈఎంఐలో సగం గడిచిపోతుందని వేసుకున్న లెక్కకి ఇక అర్థం లేదు. మా ఆవిడ ఆ ఎక్సెల్ షీటు ఓపెన్ చేయడం మానేసింది.

2023 జూన్ దాటింది. ఫ్లాటు లేదు. అప్పుడు కొన్నవాళ్లందరం సైటు స్టిల్ట్‌లోనే కుర్చీలేసుకుని కూర్చున్నాం. రెరా 18వ సెక్షన్ రెండు దారులిస్తుంది. ప్రాజెక్టులోంచి తప్పుకుని కట్టిన సొమ్మంతా వడ్డీతో అడగొచ్చు. లేదా ఉండిపోయి, తాళాలిచ్చే దాకా ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ అడగొచ్చు. మొదటిది కొన్నవాడి హక్కు, దానికి షరతుల్లేవని సుప్రీంకోర్టు 2021 నవంబర్‌లో న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో చెప్పింది. వినడానికి తేలిగ్గా ఉంటుంది. ఎంచుకోవడమే కష్టం. రైల్వేలో రిటైరైన పెద్దాయన ఒకరు, మా పై ఫ్లోరే, రిటైర్మెంట్ డబ్బంతా పెట్టేశారు. "నాకు పైసలొద్దు బాబూ, ఇల్లు కావాలి. ఆ పైసలతో ఇప్పుడు ఈ చుట్టుపక్కల నాకెవరిస్తాడు?" అన్నారు. ఆయన మాటలో తప్పేం లేదు. మూడున్నరేళ్లలో చుట్టుపక్కల రేట్లు బాగా పెరిగిపోయాయి. ఇంకొందరు, అందరం కలిసి ఎన్సీఎల్టీకి, అంటే కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్‌కి, వెళ్దామన్నారు. ఉండాల్సిన ఇల్లయితే నేనూ పెద్దాయన వైపే ఉండేవాణ్ని. మాది పెట్టుబడి. వడ్డీ నెలనెలా పోతోంది. రిఫండే అడగాలనుకున్నాం.

ఫిర్యాదు ఫారం 'ఎం'లో, ఆన్‌లైన్‌లో. అంతకుముందు వేరే అధికారులు అదనపు బాధ్యతగా చూస్తున్న తెలంగాణ రెరాకు 2023 జూన్‌లో పూర్తిస్థాయి ఛైర్మన్, సభ్యులు వచ్చారు. మేం వేసింది ఆ తర్వాతే. లాయర్ లేకుండా కూడా వేయొచ్చు, చాలామంది వేస్తారు. మేం పెట్టుకున్నాం, ఎందుకంటే డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ (స్థలం వాళ్లకీ బిల్డర్‌కీ మధ్య ఒప్పందం) చదివి ఆయన ఒక మంచి పని చేయించారు. స్థలం బిల్డర్‌ది కాదు, ఇద్దరు అన్నదమ్ములది. వాళ్ల వాటాకు ఫ్లాట్లు వస్తాయి, వాటిని వాళ్లూ అమ్ముకుంటున్నారు. అలా అమ్మే స్థల యజమాని కూడా చట్టం దృష్టిలో ప్రమోటరే. కాబట్టి వాళ్లనీ ప్రతివాదులుగా చేర్చమన్నారు. మొదట నాకు మొహమాటం వేసింది, పాపం వాళ్ల స్థలమూ ఇరుక్కుపోయింది కదా అని. తర్వాత అర్థమైంది అదెంత పనికొచ్చిందో.

ఫైల్‌లో అన్నిటికన్నా ముఖ్యం కట్టిన సొమ్ము పట్టిక. తేదీ, ఎంత, ఎవరి ఖాతా నుంచి ఎవరి ఖాతాకి, రసీదు నంబరు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఏ పేజీ. వడ్డీ లెక్క ప్రతి వాయిదా కట్టిన తేదీ నుంచి వేస్తారు కాబట్టి తేదీ తప్పితే డబ్బు పోయినట్టే. మా ఆవిడ మానేసిన ఎక్సెల్ షీటుకి మళ్లీ పని పడింది. వాట్సాప్‌లో వచ్చిన హామీల స్క్రీన్‌షాట్లు కట్టలు కట్టలుగా తెచ్చినవాళ్లున్నారు, వాటివల్ల పెద్ద ఒరిగిందేం లేదు.

హియరింగ్‌లు మాసబ్ ట్యాంక్ దగ్గర. బిల్డర్ లాయర్ చెప్పినవి మూడు: కరోనా, స్టీలు ధరలు, కొన్నవాళ్లు డబ్బు ఆపేయడం. కరోనాకి ఇచ్చిన ఆరు నెలలు అప్పటికే గడువులో కలిపేశారు. స్టీలు ధరలు ఫోర్స్ మజూర్ (ఎవరి చేతుల్లోనూ లేని విపత్తు) కిందకు రావు, చట్టంలో ఆ జాబితా యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం, అలాంటి ప్రకృతి విపత్తులు. మూడోదానికి బ్యాంకు ఇంజనీర్ రిపోర్టు మా దగ్గరుంది. ఏడో స్లాబుకి డిమాండ్ వచ్చిన నాటికి ఆరోది మాత్రమే ఉందని అందులో రాశాడు. ఆ ఒక్క కాగితం మూడో వాదనను మింగేసింది. స్థలం అన్నదమ్ముల్లో పెద్దవాడు లేచి, "సార్, మేం కూడా బాధితులమే, రోడ్డున పడ్డాం" అన్నాడు. అతని బాధలో అబద్ధం లేదు. కానీ తన వాటా ఫ్లాట్లలో ఎన్ని అమ్మారని అడిగితే చెప్పలేకపోయాడు.

2024 మొదట్లో ఆర్డర్ వచ్చింది. కట్టిన 43 లక్షలూ (మా 15, బ్యాంకు ఇచ్చిన 28) తిరిగివ్వాలి, పైన పదిన్నర శాతం దాటిన వడ్డీ, బిల్డరూ స్థల యజమానులూ ఉమ్మడిగా. నష్టపరిహారం వేరే సంగతి, దానికి ఫారం 'ఎన్' వేసి అడ్జుడికేటింగ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లాలి. మేం ఆ జోలికి పోలేదు.

ఆర్డర్ వచ్చిన రోజు గ్రూపులో స్వీట్ బాక్సుల ఎమోజీలు. నెల తిరిగినా ఖాతాలో ఒక్క రూపాయి లేదు. బిల్డర్ అప్పీలుకి వెళ్లాలంటే కొన్నవాడికి ఇవ్వాల్సిన మొత్తం, వడ్డీతో సహా, ముందు జమ చేయాలి. అదే లేదు, వెళ్లలేదు. ఇచ్చేదీ లేదు. ఇలాంటప్పుడు 40వ సెక్షన్ కింద ఆ సొమ్మును భూమిశిస్తు బకాయిలా వసూలు చేయమని రికవరీ సర్టిఫికెట్ కలెక్టర్‌కి వెళ్తుంది, అక్కడి నుంచి తహసీల్దార్‌కి. పేరు వింటే దండోరా వేసి జప్తు చేస్తారనిపిస్తుంది. ఎవరి ఆస్తి జప్తు చేయాలో, ఎక్కడుందో చెప్పేవాళ్లు ఉంటేనే అది కదులుతుంది. ఆ చెప్పేవాళ్లం మేమే.

ఇక్కడ నేను బాగా శ్రమపడ్డాను, కాస్త వివరంగానే రాస్తాను. కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ఏ కంపెనీ పేరు కొట్టినా దాని మీదున్న అప్పుల తాకట్ల చిట్టా, ఇండెక్స్ ఆఫ్ ఛార్జెస్, కనబడుతుంది. మా బిల్డర్ కంపెనీది తెరిస్తే 2021లోనే ఒక ఫైనాన్స్ సంస్థ దగ్గర అప్పు తీసుకుని మా ప్రాజెక్టులో అమ్ముడుపోని ఫ్లాట్లన్నీ తాకట్టు పెట్టినట్టుంది. అగ్రిమెంట్ అయిన ఫ్లాటుని తాకట్టు పెట్టకూడదని చట్టం, అది దాటలేదు. కానీ మా రికవరీకి చూపించదగ్గ ఫ్లాట్లు మిగల్లేదు. నిర్మాణ విస్తీర్ణంలో పది శాతం ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేదాకా పర్మిషన్ ఇచ్చిన సంస్థకే మార్టిగేజ్‌లో ఉంటుంది. ఇక మిగిలింది కంపెనీ పేరుతో వేరేచోట ఏమైనా ఉందా అన్నది. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఈసీ (ఆస్తి లావాదేవీల చిట్టా) కంపెనీ పేరుతో వెతకడం కన్నా సర్వే నంబర్లతో వెతకడమే నమ్మకం. పాత బ్రోషర్లలో 'మా రాబోయే ప్రాజెక్టులు' అని వేసిన ఊర్ల పేర్లు పట్టుకుని ఒక్కొక్కటీ వెతికాం. ఒక లేఅవుట్‌లో కంపెనీ పేరుతోనే కొన్ని ప్లాట్లు దొరికాయి, తాకట్టులో లేవు. ఆ డాక్యుమెంట్ నంబర్లన్నీ రాసి తహసీల్దార్ ఆఫీసుకిచ్చాం. నోటీసు అంటించారు, సబ్ రిజిస్ట్రార్‌కి రాశారు. ఆ ప్లాట్లు అమ్మకానికి బేరం నడుస్తోందట అప్పటికే. ఆ బేరం ఆగింది. అంతవరకు ఫోనెత్తని ఎండీ ఆ వారం తనే చేశాడు.

ఎన్సీఎల్టీ వాళ్ల సంగతి. 2018లో చట్టం మార్చి ఇల్లు కొన్నవాళ్లని ఫైనాన్షియల్ క్రెడిటర్లని (కంపెనీకి అప్పిచ్చినవాళ్లతో సమానం) చేశారు, 2020లో మళ్లీ మార్చి కనీసం వందమంది గానీ ప్రాజెక్టులో పదిశాతం గానీ కలిసి రావాలన్నారు. మా 140 ఫ్లాట్లకి పద్నాలుగు మంది చాలు. సరిపడా సంతకాలు కూడా వచ్చాయి. నేను వద్దన్నాను. పిటిషన్ అడ్మిట్ అయితే మారటోరియం పడుతుంది, కంపెనీ మీద నడిచే రికవరీలన్నీ ఆగిపోతాయి, మేం వెతికి పట్టుకున్న ప్లాట్లు కూడా అందరి కుప్పలో కలుస్తాయి. ఇదొక్కటి చాలామందికి తెలీదు: ముందు పరిగెత్తి పట్టుకున్నవాడికి అక్కడ ముందు వరుస ఉండదు. మేం ఆగాం గానీ ఒక స్టీలు సప్లయర్ ఆగలేదు. అలాంటి వాళ్లు పిటిషన్ వేయాలంటే 2020 మార్చి నుంచి కనీస బకాయి కోటి రూపాయలు, అతనికి అంతకన్నా ఎక్కువే రావాలి. ఆ పిటిషన్ అడ్మిట్ అయితే కంపెనీ ఎండీ చేతుల్లోంచి పోతుంది. మాకున్న భయం కంటే అతనికున్న భయం పెద్దది. ఆ కొన్ని నెలలే మాకు కలిసొచ్చాయి.

అతను ఇంకో డెవలపర్‌ని తీసుకొచ్చాడు, మొత్తం ప్రాజెక్టు అప్పగించేస్తానని. రెరా 15వ సెక్షన్ ప్రకారం ఇలా హక్కులు బదిలీ చేయాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, రెరా అనుమతీ ఉండాలి. ఒకే కుటుంబం మూడు ఫ్లాట్లు కొన్నా ఒక్కరి కిందే లెక్క. అంటే బంధువుల పేర్లతో పది ఫ్లాట్లు బుక్ చేసి ఓట్లు పెంచుకోవడం కుదరదు. రెండేళ్లుగా మేం వాళ్ల చుట్టూ తిరిగాం, ఇప్పుడు వాళ్లకి మా సంతకం కావాలి.

ఉండిపోయేవాళ్లు, తప్పుకునేవాళ్లు వేరుగా కూర్చోవద్దని పెద్దాయనే పట్టుబట్టారు. "మీ సంతకాలు లేకపోతే నాకు ఇల్లు రాదు, నా సంతకం లేకపోతే మీకు పైసలు రావు" అన్నారు. అందరి సమ్మతి పత్రాలూ మా లాయర్ దగ్గరే ఉంచాం. తప్పుకునేవాళ్లకి డీడీలు వచ్చిన రోజే అవి బయటికి. కొత్త డెవలపర్ తరఫు మనిషి పోస్ట్ డేటెడ్ చెక్కులిస్తానన్నాడు. చెక్కు బౌన్స్ అయితే 138వ సెక్షన్ కింద ఇంకో కేసు, ఇంకో మూడేళ్లు. డీడీ లేకపోతే సంతకం లేదన్నాం, ఆ ఒక్క మాట దగ్గర ఎవరూ జారలేదు.

బేరం వడ్డీ దగ్గర జరిగింది. ఆర్డర్ ప్రకారం మాకు వడ్డీయే పద్నాలుగు లక్షల దాకా రావాలి. ఐదు లక్షలకి తెగింది. లాయర్ ఇంకా లాగొచ్చన్నారు. సప్లయర్ పిటిషన్ విచారణ తేదీ దగ్గరపడుతోంది, నేను లాగలేదు. అప్పుడు బయటపడింది టీడీఎస్ పేచీ. వాళ్ల లెక్కలో మేం కట్టింది 42,57,000. మా లెక్కలో 43 లక్షలు. తేడా 43,000, మేం 26క్యూబీలో వాళ్ల పాన్ మీద జమ చేసింది. అది వాళ్ల ట్యాక్స్ ఖాతాలో పడింది, వాళ్లు వాడుకున్నారు కూడా. చలాన్లు ముందు పెడితే గానీ ఒప్పుకోలేదు.

2024 చివర్లో ఒకే రోజు మూడు పనులు. బ్యాంకు పేరిట డీడీ, మా పేరిట డీడీ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అగ్రిమెంట్ రద్దు దస్తావేజు. మాకూ బిల్డర్‌కీ బ్యాంకుకీ మధ్య ట్రైపార్టైట్ అగ్రిమెంట్ ఉంది కాబట్టి బ్యాంకుకి వెళ్లాల్సింది ముందు బ్యాంకుకే. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్‌ని వ్యక్తులు ముందే తీర్చేస్తే పెనాల్టీ లేదు. లోన్ తీరాక 30 రోజుల్లో ఒరిజినల్ కాగితాలు తిరిగివ్వాలి, ఆలస్యమైతే రోజుకి 5,000 బ్యాంకే ఇవ్వాలని 2023 డిసెంబర్ నుంచి ఆర్‌బీఐ నియమం. మా బ్యాంకు గడువులోపే ఇచ్చేసింది.

లెక్క చూస్తే, ప్రీ-ఈఎంఐ వడ్డీ ఏడున్నర లక్షలు దాటింది. అగ్రిమెంట్ ఖర్చులు, లాయర్ ఫీజు వేరే. వచ్చిన ఐదు లక్షల వడ్డీ పోను ఇంకా మేమే నష్టంలో ఉన్నాం. మా సొంత 15 లక్షలు ఐదేళ్లు ఊరికే పడున్నాయి, ఆ ప్రాంతంలో ఇప్పుడు అదే సైజు ఫ్లాటు 58 లక్షలకి దొరకదు. గ్రూపులో కొందరు మమ్మల్ని అదృష్టవంతులంటారు. నాకైతే అలా అనిపించదు గానీ, యూడీఎస్ కొని ఇప్పటికీ పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరుగుతున్న మా కొలీగ్‌ని చూసినప్పుడు మాత్రం ఎదురు మాట్లాడను.

పెద్దాయన ఉండిపోయారు. కొత్త డెవలపర్ అడుగుకి 400 రూపాయలు అదనంగా అడిగాడు, ఒప్పుకున్నారు. తుప్పు పట్టిన చువ్వల్ని బ్రష్‌తో రుద్ది కెమికల్ పూశారని, ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లతో కాంక్రీటు పరీక్ష చేయించాకే ఏడో స్లాబు పోశారని ఫోన్‌లో చెప్పారు. ఆ పరీక్ష రిపోర్టు కాపీ అడిగి తీసుకోమని చెప్పాను, తీసుకున్నారు.

మాకు మిగిలింది జీఎస్టీ. 43 లక్షల మీద 5 శాతం, 2,15,000. సెటిల్మెంట్‌లో బిల్డర్ ఇది ఇవ్వనన్నాడు, ప్రభుత్వానికి కట్టేశానని. ఇలా రద్దయిన ఒప్పందాల్లో, బిల్డర్ క్రెడిట్ నోట్ (ముందు వేసిన బిల్లును తగ్గించే పత్రం) ఇచ్చే గడువు దాటిపోయి ఉంటే కొన్నవాడే నేరుగా రిఫండ్ అడగొచ్చని 2022 డిసెంబర్ 27న సీబీఐసీ (పరోక్ష పన్నుల కేంద్ర బోర్డు) సర్క్యులర్ ఇచ్చింది, నంబరు 188. మన పాన్‌తో జీఎస్టీ పోర్టల్‌లో తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, బిల్డర్ ఏ రాష్ట్రంలో రిజిస్టరై ఉంటే ఆ రాష్ట్రంలోనే. రద్దు లెటర్ చేతికొచ్చిన తేదీ నుంచి రెండేళ్ల లోపు వేయాలి. ఆ ట్యాక్సు తాను కట్టానని, దాన్ని ఇంకెక్కడా సర్దుకోలేదని బిల్డర్ సర్టిఫికెట్ ఇవ్వాలి, చిక్కంతా అక్కడే. సమ్మతి పత్రాలు బయటికి తీసేముందే మా లాయర్ ఆ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టించుకున్నారు. దరఖాస్తు వేశాం. ఇన్‌వాయిస్‌లలో ఒకటి సరిగా కనబడటం లేదని మెమో వచ్చింది, మళ్లీ స్కాన్ చేసి ఎక్కించాం.